గొట్టం లేని బండి

బండి లోపలికి దిగడానికి ఒక పద్ధతుంది. ముందు కాళ్ళు, తర్వాత నడుం, ఆఖర్న తల. తొందరపడి తల ముందు పెట్టినవాళ్ళకి నుదుటి మీద బొప్పి కట్టకుండా పోదు. ఆ పద్ధతి ఆమెకి నేర్పింది బావే, అక్క భర్త. మ్యూజియం వర్క్‌షాపుకి ఆయన మేస్త్రి. ఆ రోజు ఆయన భోజనానికి వెళ్ళిన సమయం చూసి ఆమె ఒక్కతే దిగింది. దొంగతనమేమీ కాదు, సాక్షాత్తూ డైరెక్టరు చెప్పిన పని. అయినా ఎందుకో బావ తిరిగొచ్చేలోపు అయిపోతే బాగుండుననిపించింది.

ఆమె ఆ మ్యూజియంలో కాటలాగు అధికారి. పాత యుద్ధంలో జర్మన్లు వాడిన ఉక్కు బండ్లు, అంటే యుద్ధ ట్యాంకులు, హాలు నిండా ఉన్నాయి. ఏ బండి ఏ రకానిది, సైన్యం కాగితాల్లో దాన్ని ఏ పేరుతో పిలిచేవారు, ఇవి తేల్చి పలక మీద రాయించడం ఆమె బాధ్యత. ఆ సైన్యం ఒక్కో బండికి చాంతాడంత పేరు పెట్టి, నంబరు తగిలించి, రకానికో అక్షరం కట్టేది. ఇంకో దేశం నుంచి లాక్కున్న నమూనా అయితే ఆ దేశం పేరులో మొదటి అక్షరాన్ని బ్రాకెట్టులో పెట్టేది. ఆ బ్రాకెట్టు ఉండాల్సిన చోట లేకపోయినా, ఉండకూడని చోట ఉన్నా ఆమెకి అన్నం సహించదు. ఒకసారి ఒకే ఒక్క బ్రాకెట్టు కోసం అచ్చయిపోయిన పుస్తకాల కట్టలన్నీ వెనక్కి తెప్పించింది. అప్పట్నుంచి తోటివాళ్ళకి ఆమె బ్రాకెట్టమ్మ. "జగమంతా ఒక దారి, మా బ్రాకెట్టమ్మది ఒక దారి" అని టికెట్లిచ్చే ఆయన అంటే అందరికంటే ముందు ఆమే నవ్వుతుంది.

ఇప్పుడామె దిగిన బండి పేరు యాగ్ట్‌పాంజర్ 38. జనం నోట హెట్సర్. వేటాడే బండి అన్నమాట. నెత్తి మీద తిరిగే బురుజు ఉండదు. వాలుగా ఉన్న ముందు గోడలోంచి ఫిరంగి గొట్టం సూటిగా పొడుచుకొని వస్తుంది. వంతెన కట్టడానికి నదిలో బురద తోడుతుంటే దొరికింది. దొరికింది కింది సగమే. పై సగం ఎప్పుడో పేలిపోయి ఏట్లో కలిసిపోయింది. ఆ కింది సగం మీద బావ కొత్త పలకలు కోసి, వంచి, అతికి, ఏళ్ళ తరబడి మిగతా బండిని లేపాడు. గొట్టం ఆయనే పెట్టాడు. గొట్టం మొదట్లో ఉండే బరువైన పోత తొడుగునీ ఆయనే పోయించాడు. వర్క్‌షాపులో దాన్ని పందిముట్టె అంటారు. చూస్తే అచ్చం అలాగే ఉంటుంది. వచ్చేవారం కొత్త హాలు తెరుస్తున్నారు. మంత్రి వస్తాడు. హాలు మధ్యలో నిలబడేది ఈ బండే.

ముందురోజు ఒక ముసలాయన వచ్చాడు. ఇలాంటి బండ్ల మీద లావు లావు పుస్తకాలు రాసినవాడట. తాళ్ళ అవతల నుంచే బండి చుట్టూ తిరిగి, పక్క గోడ దగ్గర వంగి చాలాసేపు చూశాడు. లేచి మోకాళ్ళు దులుపుకొని, "దీనికి ఫిరంగి పెట్టారేంటండీ?" అన్నాడు. టికెట్లాయన అది విని కనపడ్డవాళ్ళకల్లా చెప్పాడు. సాయంత్రానికల్లా ఆ మాట డైరెక్టరు చెవిన పడింది.

"తేల్చండమ్మా," అన్నాడు డైరెక్టరు ఆమెను పిలిపించి. "రేపు మంత్రి ముందు ఎవడో లేచి ఇది అది కాదంటే నా తల ఎక్కడ పెట్టుకోను? అదేనని మీరొక్క కాగితం రాసిస్తే ఇంకెవరూ నోరెత్తరు."

అదేనని రాయడానికే దిగింది ఆమె. ఆ ముసలాయన వంగి చూసిన చోటు పొద్దున్నే చూసింది. పక్క గోడ బయట, కోసేసి ఆకురాయితో నున్నగా రాసిన మొండి మచ్చలున్నాయి. పెద్ద పెద్ద దుంగల్ని మొయ్యడానికి తగిలించే ఇనుప పట్టీల తాలూకు మొదళ్ళు. వేటాడే బండికి దుంగలెందుకు? ఆ పాత గోడ పై అంచున, చేతి క్రేను కాళ్ళు నిలబెట్టే గుంటలు కూడా కనిపించాయి. వాటిలో మైనం కుక్కి రంగు పూసి ఉంది. అప్పటికీ ఆమె మనసు ఒప్పుకోలేదు. తర్వాతెవరో తగిలించి ఉంటారులే, అనుకుంది. బండి పుట్టుక నేలలో తెలుస్తుంది. నేల పలక పాతది. ఏట్లోంచి వచ్చిందది.

నాలుగుకాళ్ళ మీద పాకుతూ చిన్న సుత్తితో నేల తట్టుకుంటూ పోయింది. ఖంగు. ఖంగు. ఖంగు. ఒకచోట మోత మొద్దుబారింది. మళ్ళీ కొట్టింది. గరిటెలాంటి రేకుతో రంగు గీకి, టార్చి నేలకి ఆనించి పక్కనుంచి వెలుతురు పడేట్టు పట్టుకుంది. ఉక్కులో గుండ్రటి గీత. రూపాయి బిళ్ళంత గుండ్రం. పక్కన ఇంకోటి. వాటికి ఎదురుగా మరి రెండు. దీర్ఘచతురస్రంగా.

టార్చి కింద పెట్టి వెనక్కి ఆనుకుంది.

విన్చి బిగించే రంధ్రాలవి. తాడు చుట్టి బరువు లాగే యంత్రం. అలాంటి యంత్రం పెట్టుకొని తిరిగిన బండి వేరే ఉంది, ఇదే కార్ఖానాలో, ఇదే అడుగుభాగం మీద తయారైంది. పోరులో విరిగిపడిన బండ్లని గుళ్ళవానలోకి వెళ్ళి లాక్కురావడం దాని పని. దానికి ఫిరంగి ఉండదు. పేరు బెర్గెపాంజర్ 38.

రంధ్రాల్ని ఎవరో ఉక్కు బిళ్ళలతో పూడ్చి, అతికి, చుట్టూ అద్దంలా రాశారు. ఆమె వేలి కొసతో తడిమింది. గీతకి ఇటూ అటూ ఎత్తుపల్లాలు తగల్లేదు. అంత నున్నగా రాసే చెయ్యి ఆ వర్క్‌షాపులో ఒక్కటే ఉంది.

*

మర్నాడు పొద్దున్న ఆమె వెళ్ళేసరికి బావ బల్ల దగ్గర నిలబడి తలుపు పిడికి ఆకురాయి పెడుతున్నాడు. గడ్డం మాసింది. అక్క పోయింది పోయిన చలికాలంలో. అప్పట్నుంచి ఆయన చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకుంటాడు, ఎవరైనా చెప్తే సరిచేసుకుంటాడు, చెప్పకపోతే లేదు.

"తిన్నావా బావా?"

"ఏదో."

"నేల చూశాను."

ఆకురాయి ఆగలేదు. ముందుకి, వెనక్కి, ముందుకి. "రంగు గీకావా?"

"గీకాను."

"అయితే మళ్ళీ వెయ్యాలి. ఆ రంగు డబ్బా అయిపోయింది."

ఆమెకి ఒళ్ళు మండింది. "నేనేం అడుగుతున్నానో తెలుసు నీకు. ఎప్పుడు మూశావు?"

"మీ అక్కకి మొదటిసారి కడుపులోంచి నీరు తీశారు చూడు. అప్పుడు."

"అప్పుడే కదా నేను కాటలాగు రాసింది. బండి లోపల ఇంకా బురద ఉంది, నేను దిగలేను, నువ్వే చూసి చెప్పమన్నాను. నేల ఎలా ఉంది బావా అని అడిగాను. శుభ్రంగా ఉందన్నావు."

"శుభ్రంగానే ఉంది. ఈ చేత్తో చేశాను."

"నీ మాట మీద నా పేరు పెట్టి రాశాను."

బావ ఆకురాయి కింద పెట్టి, ఇనప్పొడి అంటిన చేతులు పాత గుడ్డకి తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడిగా తుడిచాడు. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"రంధ్రాలు కనపడగానే నేను డైరెక్టరు గారి గదికి పోయాను, ఇది వేట బండి కాదండీ అని చెప్పడానికే. ఆయన లేచి తలుపేశాడు. హాలు కడతామని పైవాళ్ళకి మాటిచ్చేశాను, గొట్టం లేని బండిని చూడ్డానికి ఎవడొస్తాడయ్యా, ట్రాక్టరనుకుంటారు అన్నాడు. మూసెయ్ అన్నాడు. నేనేం అనలేదు. మధ్యాహ్నాలు ఆసుపత్రికి పోవాలండీ అన్నాను. పొమ్మన్నాడు. ఆ తర్వాత ఒక్కనాడూ ఎందుకు లేవని అడగలేదు. ఆయనే నా బదులు ఏదో చెప్పుకున్నాడు పైవాళ్ళకి. మీ అక్క పోయేదాకా రోజూ పోయి పక్కన కూచున్నాను. నేను రంధ్రాలు మూశాను, ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెల్లుకు చెల్లు."

ఆమెకి ఆ మధ్యాహ్నాలు గుర్తే. సాయంత్రం తను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి అక్క తల దువ్వి ఉండేది, దిండు సర్ది ఉండేది. నర్సులు మంచివాళ్ళనుకునేది.

"మరి ఇప్పుడు నన్ను తేల్చమనడమేంటి? ఆయనకి తెలుసు కదా."

"నువ్వు బయట్నుంచి చూసి, అవునని రాసేస్తావనుకొని ఉంటాడు. నీ సంగతి ఆయనకింకా తెలీదు మరదలా."

ఆమెకి నవ్వు రాలేదు. అదేనని రాసేస్తే సరిపోతుంది. మంత్రి వస్తాడు, ఫొటోలు తీస్తారు, ముసలాయన ఒక్కడు గొణుక్కుంటాడు. ఆ మాట బావ అడిగితే ఒప్పుకుందామనే నిలబడింది. బావ అడగలేదు.

"ఉన్నది రాయి," అన్నాడు. "రాయకపోతే నీకు నిద్ర పట్టదు. నీతో పాటు పక్కింటివాళ్ళకీ పట్టదు. నేల ఊసెత్తకుండా రాయలేవా?"

ఆమె ఆలోచించింది. దుంగల పట్టీల మొదళ్ళు, క్రేను గుంటలు. చాలు. పేరు నిలబడుతుంది.

"రాయగలను."

"అయితే రాయి," అని బావ పిడి అందుకున్నాడు.

*

ఆమె రాసిన కాగితాన్ని డైరెక్టరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దగ్గరగా పెట్టుకొని చదివాడు. మనిషి మెత్తనివాడు. అక్క శవం దగ్గర నిజంగా ఏడ్చాడు. కింది ఉద్యోగుల పిల్లల పేర్లు కూడా ఆయనకి తెలుసు. ఆ మెత్తదనం చూసే ఆమె ధైర్యం చేసింది. పేరు మార్చి, గొట్టం తీయించి, ఎవరినీ ఏమీ అనకుండా పోవచ్చు కదా అని చెప్పాలనుకుంది.

ఆయన కాగితం బల్ల మీద పెట్టాడు. "ఆ పెద్దాయన పత్రికవాళ్ళకి చెప్పాడట. పొద్దున్న ఫోనొచ్చింది. దాచిపెట్టే దశ దాటిపోయింది." కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదికి దించుకున్నాడు. "మరి, నేల సంగతి రాయలేదేం?"

"మిగతావి సరిపోతాయండీ."

"నేల చూడకుండా మీరు బయటికి రారే."

"నేలలో ఏదో ఉందని మీకెలా తెలుసు?"

"ఉందని నేనన్నానా? రాయలేదేం అన్నాను." ఆయన చెయ్యి బల్ల మీదున్న గాజు గుండుని అటూ ఇటూ జరిపింది. గుండు జారి దొర్లబోతే గబుక్కున పట్టుకున్నాడు. భయపడుతున్నాడని ఆమెకి అప్పుడర్థమైంది. భయపడ్డ మెత్తనివాడు ఎంతకైనా తెగిస్తాడని అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

ఆయన ఫోనెత్తి ఫొటోగ్రాఫరుని పిలిచాడు. బండి నేల మొత్తం రంగు తీయించి, దగ్గర్నుంచి ఫొటోలు తీయమన్నాడు. ఫోను పెట్టేసి ఆమె వైపు చూడకుండా అన్నాడు. "వర్క్‌షాపు మనల్ని మోసం చేసిందమ్మా. మిమ్మల్నీ, నన్నూ."

"మూయమంది మీరు."

"ఆయన అన్నాడా ఆ మాట?"

"నాతో అన్నాడు."

"నా ఎదట అంటాడా? పిలవనా ఇప్పుడు?" డైరెక్టరు గొంతులో కోపం లేదు, నీరసం ఉంది. "అనడమ్మా. మీకూ తెలుసు అనడని."

ఆమె కాగితం కోసం చెయ్యి చాపింది. "నేను పొరపాటు పడ్డానండీ. ఇంకోసారి చూసి రాస్తాను."

"ఇందులో పొరపాటేం లేదు." ఆయన కాగితాన్ని సొరుగులో పెట్టాడు. "పేరు సరిగ్గా ఉండాలని ఇన్నేళ్ళూ పోరింది మీరే కదా. ఉండనివ్వండి."

*

విచారణ అని పెద్ద మాట అన్నారు గానీ, జరిగింది టీ తాగేంతసేపు. పై ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు, లావుపాటి ఆయనొకడు, ఎప్పుడూ గడియారం చూసుకునే ఆవిడొకతె. నేల ఫొటోలు బల్ల మీద పరిచి ఉన్నాయి. రంగు పోయాక బిళ్ళలు చంద్రుళ్ళలా తెల్లగా కనపడుతున్నాయి. బావ ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. గుండీలు ఆ రోజు సరిగ్గానే పెట్టుకున్నాడు.

"ఇవి ఎవరు మూశారు?" అడిగాడు లావుపాటాయన.

"నేనే."

"ఎందుకు?"

"ఫిరంగి ఉంటే బాగుంటుందని."

"ఎవరైనా చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదండీ."

గోడ పక్కన కూర్చున్న ఆమె లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో తనకే తెలీదు. "అబద్ధం," అంది. "డైరెక్టరు గారే మూయమన్నారు. ఈయన చెప్పడానికి వెళ్తే తలుపేసి మూయమన్నారు. నాకు తెలుసు."

డైరెక్టరు తన అరచేతులు చూసుకుంటున్నాడు. లావుపాటాయన బావ వైపు తిరిగాడు. "నిజమేనా?"

బావ ఆమె వైపు చూశాడు. అక్క మంచం పక్కన ఆమె ఏడిస్తే, ఊరుకో, మీ అక్క వింటుంది అన్నట్టు చూసేవాడే, అలా చూశాడు.

"మా మరదలండీ," అన్నాడు వాళ్ళతో, నెమ్మదిగా. "వాళ్ళక్క పోయి ఎంతో కాలం కాలేదు. మనిషి ఇంకా తేరుకోలేదు. ఏమీ అనుకోకండి."

గడియారం ఆవిడ ముఖం మెత్తబడింది. "కూర్చోండమ్మా," అంది. "మాకర్థమవుతుంది." ఎవరో ఆమె చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టారు. ఆ గ్లాసు పట్టుకొని ఆమె అక్కడ నిలబడే ఉంది. ఇన్నేళ్ళలో ఆ కట్టడంలో ఆమె మాట ఎవరూ కాదనలేదు. బండి గురించయితే ఇప్పుడూ కాదనరు.

బయట వరండాలో బావని నిలేసింది. "ఆయన నీకేం దేవుడా? నిన్ను బజార్లో నిలబెడుతున్నాడు. ఉద్యోగం పోతే మ్యూజియం ఇచ్చిన ఆ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అక్క బతికిన ఇల్లది. ఒక్క మాట అంటే ఏం పోయేది?"

"ఆ మధ్యాహ్నాలు నాకు ఇంకెవరిచ్చేవారు చెప్పు," అన్నాడు బావ. "తీసుకున్నాక తీసుకోలేదంటానా?"

"ఇచ్చింది దయతో కాదు."

"అయుండొచ్చు. నాకు మాత్రం అవే కదా మిగిలినవి. వాటినెందుకు బురదలో వెయ్యడం?" గోడకి చెయ్యి ఆనించుకొని మెట్లు దిగాడు. సగం దిగి ఆగి, "నువ్వు రాసిందాంట్లో తప్పేం లేదు. బాగా రాశావు," అన్నాడు.

ఆ మెచ్చుకోలు ఆమెకి చెంపదెబ్బలా తగిలింది.

*

గొట్టం తీసే పని కూడా బావకే చెప్పారు. ఉద్యోగం తీసేశామని ఉత్తర్వు ఇచ్చాక, ఆ పని నున్నగా చెయ్యగలవాడు ఇంకొకడు లేడని ఎవరికో గుర్తొచ్చింది. టికెట్లాయన అది విని, "ఉరి తీసేవాడు సెలవులో ఉన్నాడు, తాడు నువ్వే బిగించుకోవయ్యా అన్నట్టుంది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బావ మాత్రం సరేనన్నాడు.

బండిని జాకీలతో ఎత్తి కింద కర్ర దిమ్మలు పెట్టించాడు. పందిముట్టెకి గొలుసు కట్టి, పైనున్న క్రేనుకి తగిలించి, గొలుసు బిగిసేదాకా లాగించాడు. సుద్దముక్కతో గొట్టం చుట్టూ గీత గీశాడు. ఒకసారి గీసి, దూరం జరిగి, ఒక కన్ను మూసి చూసి, బొటనవేలితో చెరిపి మళ్ళీ గీశాడు. పారేసే గొట్టానికి అంత కొలత ఎందుకని ఆమె అడగలేదు. తలుపు దగ్గర నిలబడి చూసింది. ఎవరూ ఆమెను ఉండమనలేదు, పొమ్మనలేదు.

మంట అంటుకుంది. ముందు పసుపు, తర్వాత నీలం. బావ మొహానికి తొడుగు దించుకొని వంగాడు. రవ్వలు చెప్పుల చుట్టూ రాలి, నేల మీద ఎగిరి ఆరిపోతున్నాయి. ఉక్కు ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడి, నీళ్ళలా కారింది. ఆయన మధ్యలో ఎక్కడా ఆగలేదు. చెయ్యి ఒకే నడకన గీత వెంబడి పోయింది. ఆఖరి వేలెడు దూరంలో మంట ఆపి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. గొట్టం తెగి గొలుసుకి వేలాడింది. ముట్టె దాంతో పాటే వచ్చింది. బండి మొహంలో పెద్ద బిలం మిగిలింది.

దానికి కొత్త పలక అతికి, అంచులు రాసి, రంగు వేసేసరికి పొద్దు వాలింది. దిమ్మలు తీసి బండిని దించే పని బయటి కూలీలకి అప్పజెప్పారు. మర్నాటి నుంచి ఆయన లోపలికి రావడానికి లేదు. బావ తన ఆకురాళ్ళు గుడ్డలో చుట్టుకున్నాడు. మ్యూజియంవి బల్ల మీద వరసగా పేర్చాడు. ఎందుకైనా మంచిదని కాపలావాడు గుడ్డ విప్పించి చూశాడు. ఆ చూసినవాడు ముప్పూటలా బావ ఇంట తిన్నవాడే. బావ గుడ్డ విప్పి పట్టుకొని, వాడు చూసేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు.

*

ప్రారంభం నాడు హాలు కిటకిటలాడింది. ఇత్తడి పలక మెరిసిపోతోంది. పైన పెద్ద అక్షరాల్లో బెర్గెపాంజర్ 38. కింద ఆమె రాసిన నాలుగు వాక్యాలు, ఒక్క అక్షరం మార్చకుండా. ఎక్కడా బ్రాకెట్టు లేదు, ఉండకూడదు కూడా. దాని కింద ఆమె పేరు. అన్నిటికంటే కింద, ఆమె రాయని వాక్యం ఒకటి. వర్క్‌షాపు సిబ్బంది చేసిన వక్రీకరణను సంస్థ స్వయంగా గుర్తించి సరిదిద్దింది, అని.

"తప్పు దొరికితే దిద్దుకునే ధైర్యం మా సంస్థకుంది," అన్నాడు డైరెక్టరు మైకులో. మంత్రి తల ఊపాడు. చప్పట్లు మోగాయి. గొట్టం లేకపోయినా జనం బాగానే వచ్చారు. అసలు సంగతి పత్రికలో చదివి, బండి పక్కన తగిలించిన ఆ బిళ్ళల ఫొటోలు చూడ్డానికే వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒకాయన కూతుర్ని భుజానికెత్తుకొని, "అదిగో, మోసం చేసింది అక్కడే," అని చూపిస్తున్నాడు.

పుస్తకాలు రాసిన ముసలాయన జనంలోంచి దారి చేసుకొని వచ్చి ఆమె చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "నా జన్మలో ఇంత శుభ్రమైన నిర్ధారణ చూడలేదమ్మా. ఎవరి మొహమూ చూడకుండా రాశారు. మీలాంటివాళ్ళు చోటికి ఒక్కరుంటే చాలు." ఆయన కళ్ళలో నిజమైన తడి ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకుంది గానీ ఆయన పట్టు గట్టిగా ఉంది.

ఆయన తల మీదుగా ఆమెకి బండి కనపడుతోంది. కూలీలు దిమ్మలు ఒక పక్కవి ముందు లాగేసినట్టున్నారు. చక్రాల పట్టా ఎక్కడో మెలిపడి, బండి ఎడమ పక్కకి ఒరిగింది. రెండు వేళ్ళ మందం. చూసే కన్నుకి తప్ప తెలీదు. హాల్లో ఇంకెవరూ చూడలేదు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆమె వర్క్‌షాపు వెనక క్వార్టరుకి నడిచింది. గుమ్మం ముందు చిన్న లారీ ఆగి ఉంది. అందులో అక్క కుట్టు మిషను, మడిచిన మంచం, వంటింటి డబ్బాలు కనిపించాయి. తలుపు దగ్గర బావ కూతురు నిలబడి ఉంది. వేరే ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. తండ్రిని తీసుకుపోవడానికి వచ్చింది. వచ్చినప్పుడల్లా పిన్నీ అంటూ మెడకి చుట్టుకునే పిల్ల, ఇవాళ గడప మీంచి కదల్లేదు.

"పొద్దున్న వెళ్ళాను," అంది. "జనం రాకముందు. పలక చదివాను."

"ఆ చివరి వాక్యం నేను రాయలేదమ్మా."

"తెలుస్తూనే ఉంది. నీ రాత అలా ఉండదు. పైదంతా నువ్వే కదా?"

"నేనే."

"అందులో ఎక్కడైనా తప్పుందా?"

"లేదు," అంది.

"ఉంటే బాగుండేది," అంది పిల్ల. ఏడుపు గొంతు కాదు. కళ్ళజోడు నంబరు చెప్పినట్టు చెప్పింది.

లోపల టేపు చర్రుమని లాగిన చప్పుడైంది. "ఎవరమ్మా?" అని బావ గొంతు. పిల్ల పలకలేదు, అడ్డూ తప్పుకోలేదు. ఎవరో ఆయనే కనుక్కున్నట్టున్నాడు.

"మరదలా, దించారా బండిని?"

"దించారు బావా."

"ముందు బరువు తీసేశాం కదా. దిమ్మలు రెండు పక్కలా ఒక్కసారే తియ్యాలి. వాళ్ళకి చెప్పి రావడం మర్చిపోయాను. సమంగా కూచుందా?"

గడప అవతల, పిల్ల భుజం మీదుగా, ఆమెకి ఆయన వీపొక్కటే కనపడుతోంది. వంగి పెట్టె మూత రెండు చేతులా నొక్కి పట్టుకున్నాడు. ఆమె జవాబు వినేదాకా అలాగే ఉండేట్టున్నాడు.

"కూచుంది బావా," అంది ఆమె. "వెంట్రుకవాసి తేడా లేదు."

"హమ్మయ్య," అని బావ టేపు అతికించాడు.